విదేశంలో స్థిరపడబోతున్నారా? విమానం ఎక్కే తేదీ దగ్గరే పన్ను లెక్క తేలుతుంది

పీఆర్ (విదేశంలో శాశ్వత నివాస అనుమతి) వచ్చేసింది, విశాఖ మద్దిలపాలెంలో ఇల్లు ఖాళీ చేశారు, బండి అమ్మేశారు, బంధువులందరికీ చెప్పేశారు. ఆదాయపు పన్ను శాఖకు ఇవేవీ పట్టవు. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు దేశంలో ఎన్ని రోజులు ఉన్నారన్నదే దానికి కావాలి. ఆ లెక్కను బట్టి ఆ ఏడాది మొత్తానికి మీరు రెసిడెంటో (విదేశీ ఆదాయానికీ ఇక్కడ పన్ను), నాన్-రెసిడెంటో (ఇక్కడి ఆదాయానికే పన్ను) తేలుతుంది. వెళ్లిన రోజు దాకా ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి అని ఏడాదిని రెండుగా చీల్చే వీలు మన చట్టంలో లేదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ముందుగా ఒక మాట. ఈ వ్యాసంలో సెక్షన్లు, ఫారాల నంబర్లన్నీ అందరి నోట్లో నలిగిన 1961 చట్టంవి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వచ్చింది. నంబర్లు మారాయి గానీ రోజుల లెక్క మారలేదు. ఫారం నింపేటప్పుడు మాత్రం పోర్టల్‌లో కొత్త నంబరు చూసుకోండి.

సెప్టెంబర్ 28

ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లే భారత పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు లేదా అంతకు మించి ఇక్కడ ఉంటే రెసిడెంటు. 181 రోజులతో ఆగితే నాన్-రెసిడెంటు. ఏప్రిల్ నుంచి ఆగస్టు చివరి దాకా 153 రోజులు. సెప్టెంబర్ 28 నాటికి 181. బయలుదేరిన రోజును కూడా దేశంలో ఉన్న రోజుగానే లెక్కేసుకోవడం క్షేమం కాబట్టి 28వ తేదీ ఆఖరి గడువు.

విశాఖ నుంచి వెళ్లేవాళ్లు ఇక్కడ ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. మనలో చాలామంది సాయంత్రం ఇక్కడ దేశీయ విమానం ఎక్కి హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో అంతర్జాతీయ విమానం పట్టుకుంటారు. ఆ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే. 28న సాయంత్రం విశాఖ వదిలినా, హైదరాబాద్‌లో ఇమిగ్రేషన్ రాత్రి 12 దాటాక అయితే పాస్‌పోర్టు మీద పడే ముద్ర 29వ తేదీది. దాంతో 182 రోజులు నిండి ఏడాదంతా రెసిడెంటు అయిపోతారు. లెక్కకు వచ్చేది దేశం దాటిన తేదీయే తప్ప విశాఖ దాటిన తేదీ కాదు.

సరిగ్గా 181 రోజులు వాడుకుని వెళ్లినవాళ్లకు సంక్రాంతి ఇంకో గండం. అదే మార్చి లోపు పండక్కో, పెళ్లికో నాలుగు రోజులు వచ్చి వెళ్తే ఆ నాలుగూ కలుస్తాయి. ఆ ఏడాది మళ్లీ రావాల్సిన పని ఉంటుందనుకుంటే ఆగస్టులోనే బయలుదేరండి. బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టులో ముద్ర పడ్డ పేజీల ఫొటోలు ఒకచోట దాచుకోండి. ఐదారేళ్ల తర్వాత నోటీసు వస్తే చూపించాల్సింది అవే.

అందరికీ 182 వర్తించదు

ఈ 182 రోజుల వెసులుబాటు ఉద్యోగం కోసం వెళ్లేవారికే. వ్యాపారం, సొంత ప్రాక్టీసు కోసం వెళ్లడం కూడా ఇందులోకే వస్తుందని కేరళ హైకోర్టు చెప్పింది. మిగతావాళ్లకు వేరే కొలత ఉంది: ఆ ఏడాది 60 రోజులు, దానికి ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఉంటే రెసిడెంటు. పుట్టినప్పటి నుంచి ఇక్కడే ఉన్నవాళ్లకు రెండో షరతు ఎలాగూ నిండే ఉంటుంది. అంటే మే 30కి 60 రోజులు పూర్తి.

ఇది ఎక్కువగా తగిలేది ఇద్దరికి. ఒకరు డిపెండెంట్ వీసా మీద భర్త వెంటో భార్య వెంటో వెళ్లేవారు. ఇంకొకరు స్టీల్ ప్లాంటులోనో, షిప్‌యార్డులోనో, పోర్టులోనో రిటైరై పిల్లల దగ్గర స్థిరపడటానికి గ్రీన్ కార్డు మీద వెళ్లే తల్లిదండ్రులు. కొడుకు, అమ్మానాన్నలు జూలైలో ఒకే విమానం ఎక్కినా కొడుకు నాన్-రెసిడెంటు, అమ్మానాన్నలు ఆ ఏడాదికి రెసిడెంట్లు. ఇద్దరి రిటర్నులూ ఒకే అచ్చులో వేస్తే తప్పవుతుంది.

ఉద్యోగం చేతిలో లేకుండా పీఆర్ మీద కెనడాకో ఆస్ట్రేలియాకో వెళ్లి అక్కడ వెతుక్కునేవారి సంగతి వాదనకు తావిచ్చేది. వీసా కాగితాలు, పంపిన దరఖాస్తులు, వచ్చిన ఆఫర్ లెటరు దాచి ఉంచండి. ఇక్కడి ఉద్యోగానికి ఇచ్చిన రాజీనామా, దాని ఆమోద పత్రం కూడా వాటితోనే ఉండాలి.

మర్చంట్ నేవీ వాళ్లు మన ఊళ్లో ఎక్కువే కాబట్టి చెబుతున్నాం: విదేశీ ప్రయాణంలో ఉన్న ఓడ మీద పనిచేసే భారత పౌరుడికి సీడీసీలో (నావికుల సర్వీసు పుస్తకంలో) నమోదైన ఎక్కిన తేదీ నుంచి దిగిన తేదీ వరకు దేశంలో ఉన్న రోజులుగా లెక్కించరు. పాస్‌పోర్టు ముద్రకూ సీడీసీ తేదీకీ తేడా ఉంటే ఆ ఓడ రోజులకు సీడీసీదే చెల్లుతుంది.

వెళ్లాక తర్వాతి ఏళ్లలో సెలవులకు వచ్చినప్పుడు 182 రోజులు నిండకపోతే నాన్-రెసిడెంటుగానే ఉంటారు. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవారికి మాత్రం ఆ గీత 120 రోజులకు దిగుతుంది. 120 నిండి 182 లోపు ఉంటే రెసిడెంటే గానీ సాధారణ రెసిడెంటు కాదు, పన్ను శాఖ మీ విదేశీ జీతం జోలికి రాదు. దుబాయ్ లాంటి ఆదాయపు పన్ను లేని చోట ఉంటూ, ఇక్కడ 15 లక్షలు మించి సంపాదించే భారత పౌరులను ఒక్క రోజు రాకపోయినా రెసిడెంటుగా భావించే నిబంధన 2020-21 నుంచి ఉంది. అందులోనూ అంతే, దుబాయ్ జీతం మీద ఇక్కడ పన్ను పడదు.

అక్టోబర్లో వెళితే ఏమవుతుంది

రెసిడెంటుగా మిగిలిపోతే అక్టోబర్ నుంచి మార్చి దాకా అక్కడ వచ్చిన జీతాన్ని కూడా ఇక్కడి రిటర్నులో చూపాలి. అక్కడ కట్టిన పన్నుకు ఫారం 67 వేసి క్రెడిట్ తీసుకోవచ్చు. అమెరికా, బ్రిటన్ లాంటి చోట్ల అక్కడి పన్ను మన పన్నుకు దరిదాపుల్లో ఉంటే చేతి నుంచి పడేది కొంతే. గల్ఫ్‌కు వెళ్లినవారికి క్రెడిట్ తీసుకోవడానికి అక్కడ పన్నే ఉండదు కాబట్టి ఆరు నెలల జీతం మీద పూర్తి పన్ను ఇక్కడే కట్టాలి. సెప్టెంబర్ 28 గురించి అంతగా నొక్కి చెప్పడానికి అసలు కారణం ఇదే.

జీతం కంటే ఎక్కువగా మరిచిపోయేది రిటర్నులో విదేశీ ఆస్తులు రాసే షెడ్యూల్ ఎఫ్ఏ. రెసిడెంటుగా ఉన్న ఏడాది అక్కడ తెరిచిన బ్యాంకు ఖాతా, కంపెనీ ఇచ్చిన షేర్లు అన్నీ ఇందులో రాయాలి. దీనికి లెక్క మార్చి వరకు కాదు, డిసెంబర్ 31తో ముగిసే క్యాలెండర్ ఏడాదికి. ఖాతాలో వంద డాలర్లే ఉన్నా రాయండి. నల్లధనం చట్టం కింద జరిమానా 10 లక్షలు. స్థిరాస్తి కాని ఆస్తుల మొత్తం 20 లక్షల లోపు ఉంటే ఆ జరిమానా లేకుండా 2024 అక్టోబర్ నుంచి సడలింపు ఇచ్చారు గానీ, రాయాల్సిన బాధ్యత మాత్రం పోలేదు.

ఇల్లు అమ్మాలనుకుంటే తేదీ ముందు చూసుకోండి

2024 జూలై 23కు ముందు కొన్న ఇల్లు, స్థలం అమ్మితే రెసిడెంటుకు రెండు దారులున్నాయి. ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కించడం) లేకుండా లాభం మీద 12.5 శాతం, లేదా ఇండెక్సేషన్‌తో 20 శాతం. ఏది తక్కువైతే అది. నాన్-రెసిడెంటుకు మొదటి దారి ఒక్కటే.

2008-09లో ఎంవీపీ కాలనీలో 20 లక్షలకు కొన్న ఫ్లాటును 2025-26లో 80 లక్షలకు అమ్మారనుకుందాం. ఇండెక్సేషన్‌కు వాడే ఆ రెండేళ్ల ధరల సూచీలు 137, 376. ఇండెక్సేషన్‌తో కొన్న ధర 54.89 లక్షలకు పెరుగుతుంది, లాభం 25.11 లక్షలు, పన్ను 5.02 లక్షలు. ఇండెక్సేషన్ లేకుంటే లాభం 60 లక్షలు, పన్ను 7.5 లక్షలు. సర్‌చార్జి, సెస్సు ఇంకా కలపలేదు, అయినా తేడా రెండున్నర లక్షల దాకా ఉంది.

ఇక్కడ ఏడాదిని చీల్చరన్న సూత్రం మళ్లీ అడ్డొస్తుంది. ఆగస్టులో వెళ్లబోతూ మేలో, ఇంకా విశాఖలోనే ఉండగా, అమ్మినా సరే, ఆ ఏడాది మొత్తానికి మీరు నాన్-రెసిడెంటే కాబట్టి ఇండెక్సేషన్ రాదు. అది కావాలంటే అంతకు ముందు మార్చి 31 లోపు రిజిస్ట్రేషన్ కావాలి, లేదా సెప్టెంబర్ 28 దాటాక విమానం ఎక్కాలి. ఒకే తేదీ జీతం వైపు ఒకలా, ఇంటి వైపు ఇంకోలా లాగుతుంది. రెండు లెక్కలూ కాగితం మీద పక్కపక్కన వేసుకుని చూశాకే టికెట్ కొనండి. కొత్తగా, అంటే గత ఐదారేళ్లలో కొన్న ఫ్లాట్లకు 12.5 శాతమే మేలుగా తేలొచ్చు, అప్పుడీ తలనొప్పి లేదు. 2001 ఏప్రిల్‌కు ముందు నుంచీ ఉన్న ఆస్తికి, స్టాంపు విలువ మించకుండా, 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువను కొన్న ధరగా తీసుకునే వీలు నాన్-రెసిడెంట్లకూ ఉంది.

వెళ్లాక అమ్మితే కొన్నవాళ్లు చెల్లించేటప్పుడే పట్టే పన్ను, అంటే టీడీఎస్, ఇంకో చిక్కు. 50 లక్షలు, ఆ పైన ఆస్తులకు అందరికీ తెలిసిన ఒక శాతం ఇక్కడ చెల్లదు. సెక్షన్ 195 కింద పట్టాలి. లాభం ఎంతో కొనేవాళ్లకు తెలియదు కాబట్టి మొత్తం ధర మీదే పడుతుంది. పై 80 లక్షల ఫ్లాటుకు 12.5 శాతం, దాని మీద 10 శాతం సర్‌చార్జి, 4 శాతం సెస్సు కలిపితే 11.44 లక్షలు. మీ అసలు పన్ను 8.58 లక్షలే. మిగతా 2.86 లక్షలు రిఫండు వచ్చేదాకా ఇరుక్కుపోతాయి. దీనికి మందు ఫారం 13. అగ్రిమెంటు రాసుకోగానే, రిజిస్ట్రేషన్‌కు ముందే, తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. కొన్న దస్తావేజు, అగ్రిమెంటు, లాభం లెక్క, పాత రిటర్నులు జతచేయాలి. వారాలు పడుతుంది. డబ్బు చేతులు మారాక వచ్చిన సర్టిఫికెట్ ఎందుకూ పనికిరాదు. కొనేవాళ్లు ఒక శాతమే పట్టి ఊరుకుంటే తర్వాత నోటీసు వాళ్లకు వెళ్తుంది. అందుకే మీరు ఎన్నారై అన్న సంగతి అగ్రిమెంటులోనే రాయించండి.

వెళ్లాక అమ్మే ఉద్దేశం ఉంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడుండగానే రిజిస్టర్ చేయించడం తేలిక. అక్కడ రాస్తే భారత కాన్సులేట్‌లో సంతకాలు చేయాలి, కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

ఆనందపురం, సబ్బవరం వైపు పొలాలున్నవారికి రెండు ముక్కలు. రెసిడెంటుగా ఉన్నప్పుడు కొన్న పొలం ఉంచుకోవచ్చు, వారసత్వంగా కూడా రావొచ్చు. ఎన్నారై అయ్యాక కొత్తగా కొనకూడదు. అమ్మితే పన్ను లేదనే మాట గ్రామీణ పొలానికే. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) లాంటి 10 లక్షలు దాటిన జనాభా ఉన్న నగరం హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు ఉంటే, వరి పండుతున్నా సరే, అది పన్ను పడే ఆస్తి. ఆ దూరం రోడ్డు మీద కాదు, తిన్నగా గీత గీసి కొలుస్తారు.

బ్యాంకు ఖాతాలు, అద్దె

ఇది ఫెమా (విదేశీ మారక ద్రవ్య) చట్టం కిందికి వస్తుంది, ఇలా వెళ్లేవారికి అందులో రోజుల లెక్క లేదు. ఉద్యోగానికో స్థిరపడటానికో దేశం దాటిన రోజే ఎన్నారై. పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే ఎన్నారైల ఇక్కడి ఆదాయం జమయ్యే ఖాతాగా మార్చాలి. పాస్‌పోర్టు, వీసా, అక్కడి చిరునామా రుజువు, పాన్ కావాలి. అలాగే వదిలేస్తే జరిమానా ఆ మొత్తానికి మూడింతల వరకు వేయొచ్చు. అక్కడి జీతం ఇక్కడికి పంపడానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఇంటి ఖర్చులు చూసుకునేందుకు అమ్మకో నాన్నకో ఎన్‌ఆర్‌ఓ ఖాతా మీద మాండేట్ (మీ తరఫున ఖాతా నడిపే అధికారం) ఇస్తే చాలు. ఏటీఎం కార్డు, పిన్ను ఇచ్చి వెళ్లడం కంటే అది పద్ధతి. పీపీఎఫ్ ముందే ఉంటే గడువు దాకా కొనసాగించుకోవచ్చు, పొడిగించడం కుదరదు.

ఎన్‌ఆర్‌ఓ డిపాజిట్ వడ్డీకి టీడీఎస్ 31.2 శాతం. 10 లక్షల మీద 7 శాతం వడ్డీ వస్తే 70 వేలల్లో 21,840 బ్యాంకే పట్టేస్తుంది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్‌లతో ఉన్న ఒప్పందాల ప్రకారం వడ్డీపై పన్ను 15 శాతమే, యూఏఈతో అయితే 12.5. ఆ రేటు కావాలంటే అక్కడి పన్ను శాఖ ఇచ్చే రెసిడెన్సీ సర్టిఫికెట్, మన పోర్టల్‌లో వేసిన ఫారం 10ఎఫ్ ప్రతి ఏడాదీ బ్యాంకుకు కొత్తగా ఇవ్వాలి. టీడీఎస్ పట్టొద్దని ఇచ్చే 15జీ, 15హెచ్ ఫారాలు ఎన్నారైలు ఇవ్వకూడదు. తండ్రి అలవాటుగా 15హెచ్ సంతకం పెట్టి ఇచ్చి వెళ్తే అది తప్పుడు డిక్లరేషన్ కింద లెక్క.

అద్దెకు ఇచ్చిన ఇంటి విషయం మరీ విచిత్రం. అద్దెకున్నవాళ్లు ఎన్నారై యజమానికి చెల్లించే అద్దెలో మొదటి రూపాయి నుంచే 31.2 శాతం టీడీఎస్ పట్టాలి. సీతమ్మధారలో నెలకు 25 వేల అద్దె వచ్చే ఫ్లాటుకు నెలకు 7,800, ఏడాదికి 93,600. అద్దె 3 లక్షల్లో 30 శాతం తీసేస్తే మిగిలే 2.1 లక్షలకు, వేరే ఆదాయం లేకపోతే, పన్నే లేదు. ఆ 93,600 రిటర్ను వేసి తెచ్చుకోవాలి. ఇక్కడ కూడా ఫారం 13 పనికొస్తుంది.

ఇక్కడి ఆదాయం కాస్త పెద్దదైతే ఇంకో దెబ్బ ఉంది. 12 లక్షల దాకా పన్ను లేదని టీవీల్లో చెప్పిన రిబేటు రెసిడెంట్లకే. అద్దె, పింఛను, వడ్డీ కలిపి 10 లక్షల పన్ను ఆదాయం ఉన్న ఎన్నారై కొత్త విధానంలో సెస్సుతో 41,600 కట్టాలి, అదే ఆదాయమున్న రెసిడెంటు సున్నా.

డబ్బు ఎప్పుడు పంపాలి

వెళ్లే ముందు రెసిడెంటుగా డబ్బు బయటికి పంపితే అది ఎల్‌ఆర్‌ఎస్ (రెసిడెంట్లు విదేశాలకు డబ్బు పంపుకునే పథకం) కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా కుదురుతుంది. కానీ స్థిరపడటానికి పంపే సొమ్ములో 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) వసూలు చేస్తుంది. 40 లక్షలు పంపితే 6 లక్షలు అదనంగా కట్టి, రిటర్నులో తిరిగి తెచ్చుకోవాలి. ఎన్నారై అయ్యాక ఎన్‌ఆర్‌ఓ నుంచి పంపితే ఆ టీసీఎస్ లేదు, పరిమితి ఏడాదికి 10 లక్షల డాలర్లు. డబ్బు బయటికి పంపేటప్పుడు వేసే ఫారం 15సీఏ, అవసరమైన చోట సీఏ ఇచ్చే 15సీబీ ఉంటే చాలు. మొదటి నాలుగు నెలల ఖర్చుకు సరిపడా తీసుకెళ్లి, ఇల్లు అమ్మిన డబ్బు లాంటివి ఎన్‌ఆర్‌ఓలోకి వచ్చాక కదిలించడం మంచిది.

దిగిన దేశంలో

పూర్తిగా అక్కడి సీఏ చూసే పని గానీ, ఇక్కడుండగానే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. కెనడా, ఆస్ట్రేలియా మీరు అక్కడ పన్ను రెసిడెంటైన రోజున మీ విదేశీ ఆస్తులను ఆనాటి మార్కెట్ ధరకు కొన్నట్టు భావిస్తాయి (ఆస్ట్రేలియాలో తాత్కాలిక వీసాదారుల లెక్క వేరు). అందుకే ఇక్కడి ఇల్లు, స్థలం విలువకు రిజిస్టర్డ్ వాల్యుయర్ నుంచి ఆ తేదీకి నివేదిక తీసుకుని పెట్టుకుంటే, రేపు అమ్మినప్పుడు అక్కడ పడే పన్ను తగ్గుతుంది. అమెరికాలో ఈ సౌకర్యం లేదు, అసలు కొన్న ధరే లెక్క. కాబట్టి పాత దస్తావేజులు స్కాన్ చేసి తీసుకెళ్లండి. గ్రీన్ కార్డు చేతికొచ్చాక ఇక్కడి పింఛను, ఎన్‌ఆర్‌ఈ వడ్డీ, పీపీఎఫ్ వడ్డీ అన్నీ అక్కడ చూపాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) వేయాలి. మన మ్యూచువల్ ఫండ్లను అమెరికా పీఫిక్ (విదేశీ పెట్టుబడి కంపెనీ) కింద లెక్కేసి ఒక్కో ఫండుకు ఒక్కో ఫారం 8621 అడుగుతుంది. ఆ ఫారాలు నింపించే ఫీజులు ఫండు లాభాన్ని మింగేస్తాయి, వెళ్లే ముందే అమ్మేయడం మా సలహా.

పోర్టల్, ఫోన్ నంబరు

పన్ను క్లియరెన్స్ సర్టిఫికెట్ లేకుండా దేశం దాటనివ్వరంటూ 2024 బడ్జెట్ తర్వాత వాట్సాప్‌లో తిరిగింది. అది మామూలు మనుషులకు కాదు. తీవ్రమైన ఆర్థిక అక్రమాల్లో ఇరుక్కున్నవారికి, స్టే లేని ప్రత్యక్ష పన్ను బకాయి 10 లక్షలు దాటినవారికే అని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) అదే ఏడాది ఆగస్టులో వివరణ ఇచ్చింది.

పాన్ రద్దు చేసుకోకూడదు, ఇక్కడ ఒక్క ఖాతా ఉన్నా అది కావాలి. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో మీ ప్రొఫైల్‌లో నాన్-రెసిడెంటుగా మార్చి, అక్కడి చిరునామా, ఈమెయిలు పెట్టండి. ఆధార్‌తో ముడిపెట్టకపోవడం వల్ల ఎన్నారై పాన్ పనిచేయకుండా పోయిందంటే సాధారణంగా ఈ మార్పు చేయలేదన్నమాట. రిటర్ను ఐటీఆర్-1, 4ల్లో కుదరదు. వ్యాపారం లేకపోతే ఐటీఆర్-2, జూలై 31 లోపు.

రిటర్ను వేయడం కంటే వెరిఫై చేయడం దగ్గర ఎక్కువమంది ఆగిపోతారు. ఆధార్ ఓటీపీ ఇక్కడి సిమ్‌కే వస్తుంది. రీచార్జి లేక సిమ్ పోతే ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇంటర్నేషనల్ రోమింగ్ వేయించి కనీస రీచార్జితో బతికించుకోండి, లేదా నెట్ బ్యాంకింగ్ ద్వారా వెరిఫై చేసే ఏర్పాటు ముందే పెట్టుకోండి. రెండూ లేకపోతే సంతకం చేసిన ఐటీఆర్-వి (రిటర్ను రసీదు) కాగితాన్ని 30 రోజుల్లోగా బెంగళూరులోని పన్ను శాఖ కేంద్రం సీపీసీకి పోస్టులో పంపాలి. ఖాతా ఎన్‌ఆర్‌ఓగా మారాక పోర్టల్‌లో మళ్లీ ప్రీ-వాలిడేట్ చేయకపోతే (ఖాతా మీదేనని ముందే ధ్రువీకరించకపోతే) వచ్చిన రిఫండు వెనక్కి పోతుంది.